తెర ఇటు తిప్పండి

గుండెలో ఏదో తేడా ఉందని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో అందరూ టీచరమ్మతో పోట్లాడటం మానేశారు. ఆవిడకు అన్నిటికన్నా పెద్ద జబ్బు అదే అయి కూర్చుంది.

అంతకుముందు పొద్దున్నే పాలు పొంగేలోగా అత్తకీ కోడలికీ ఒక విడత అయిపోయేది. కిటికీ తెరవాలా మూయాలా, దుప్పట్లు ఎండలో వేయాలా నీడలో వేయాలా, ఏదో ఒకటి. ఇద్దరికీ ముక్కు మీదే కోపం. ఆ పోట్లాట పడితేగానీ ఇద్దరికీ ఒళ్లు స్వాధీనంలోకి వచ్చేది కాదు. అలాంటి కోడలు ఇప్పుడు ఏమడిగినా "మీ ఇష్టం అత్తయ్యా" అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా టీచరమ్మకు తాను గోడమీద పటమైపోయి, ఎదురుగా ఎవరో దండ పట్టుకుని నిలబడ్డట్టు ఉండేది.

కొడుకు ఇంకో మెట్టు పైన ఉన్నాడు. అమ్మ ఉలిక్కిపడుతుందని తలుపు గంట వైరు పీకేశాడు. దాంతో వచ్చినవాళ్లందరూ తలుపును పిడికిళ్లతో బాదడం మొదలుపెట్టారు. టీవీలో వార్తలకు గొంతు తీసేశాడు. ప్రపంచంలో ఏ ఉపద్రవం వచ్చినా వార్తలు చదివే ఆమె తొట్టెలో చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది.

టీచరమ్మ బళ్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైంది. గుండె పాఠం వచ్చిందంటే ఆవిడకు పూనకమే. బోర్డు నిండా రంగు సుద్దలతో నాలుగు గదులూ గీసి, పైన రెండూ కర్ణికలనీ, కింద రెండూ జఠరికలనీ, మధ్య తలుపులు ఒకవైపే తెరుచుకుంటాయనీ చెప్పేది. పిల్లలు చాటుగా "నాలుగ్గదుల టీచరు" అనుకునేవారు. ఆవిడకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండటం ఆవిడకు ఇష్టం.

అలాంటి మనిషి ఇప్పుడు మేడమెట్ల మధ్యలో ఆగి, గోడమీద లేని బొమ్మలు చూస్తున్నట్టు నటించి, ఊపిరి కూడదీసుకుంటోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక తలగడలమీద ఒరిగి కునుకు తీస్తోంది.

ఒక మధ్యాహ్నం పక్కగదిలో తన తమ్ముడూ, కొడుకూ చెవులు కొరుక్కుంటుంటే వింది. గుసగుసలాడటం తమ్ముడికి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"ఆపరేషన్ చేయించాలని డాక్టరన్న సంగతి అక్క చెవిన వేయకు. ఆ మాట వింటే అక్కడికక్కడే గుండె ఆగిపోతుంది."

"అందుకే వద్దని చెప్పేశా మామయ్యా. మందులతో లాగించేద్దాం."

టీచరమ్మ ఛాతీ తెరవాలా వద్దా అన్నది తేల్చేశారు. తనతో ఒక్క మాట లేదు. గుండె దడదడలాడింది గానీ ఆగలేదు. పైగా ఒళ్లు మండుకొచ్చి, ఇంకాస్త జోరుగా కొట్టుకుంది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లేరోజు దాకా ఆవిడ తాను విన్న సంగతి బయటపెట్టలేదు. ఎకో తీసే గదిలో ఆవిడను ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోమన్నారు. ఛాతీమీద చల్లటి జిగురు రాశారు. తెర మాత్రం కొడుకువైపు తిరిగి ఉంది.

"తెర ఇటు తిప్పండి" అంది టీచరమ్మ.

ఎకో తీసే ఆవిడ తటపటాయించింది. "పేషెంట్లు చూస్తే కంగారు పడతారమ్మా." వెనక నుంచి కొడుకు వద్దని కళ్లతోనే బతిమాలుతున్నాడు.

"అది నా గుండె తల్లీ, పక్కింటివాళ్ల పెళ్లి వీడియో కాదు. తిప్పు."

తెర తిరిగింది. టీచరమ్మకు మొదట ఏమీ బోధపడలేదు. గుండె తలకిందులుగా ఉంది. ఏళ్ల తరబడి పైన గీసిన కర్ణికలు అడుగున ఉన్నాయి. పాఠంలో బుద్ధిగా బోర్డుకు అతుక్కుని ఉండే ఆ నాలుగు గదులూ ఇక్కడ ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, ఒక్క క్షణం నిలవకుండా ఎగిరిపడుతున్నాయి. "ఇదా నువ్వు!" అనుకుంది. ఇన్నేళ్లూ అందరికీ పరిచయం చేసింది, తాను మాత్రం కలవనేలేదు.

అప్పుడు ఎడమవైపు కవాటం కనిపించింది. రెండు రెక్కల్లో ఒకటి సరిగానే మూసుకుంటోంది. రెండోది గడియ ఊడిన తలుపులా వెనక్కి, పై గదిలోకి తిరగబడుతోంది. దాన్ని పట్టి ఉంచాల్సిన సన్నటి తీగ తెగి తోకలా ఊగుతోంది. జఠరిక పిండినప్పుడల్లా ఒంటికంతా వెళ్లాల్సిన రక్తంలో కొంత వచ్చిన దారినే వెనక్కి ఎగజిమ్ముతోంది. తెరమీద నీలం, పసుపు కలిసిన మంటలా కనిపిస్తోంది. మెట్లమీద తన ఊపిరి ఎటు పోతోందో ఆవిడకు అర్థమైంది.

డాక్టరు గదిలో తమ్ముడు కూడా చేరాడు. డాక్టరు కొడుకునే అడిగాడు. "ఏమనుకున్నారు?"

"మందులతోనే..." అని కొడుకు నీళ్లు నమిలాడు.

"డాక్టరుగారూ, తెగిన తీగ మందులతో అతుక్కుంటుందా?" అంది టీచరమ్మ.

డాక్టరు కుర్చీ ఆవిడవైపు తిప్పుకున్నాడు. "అతుక్కోదమ్మా. ఆయాసం తగ్గుతుందంతే."

"ఊరుకుంటే?"

"ఎడమ గది పనెక్కువై సాగిపోతుంది. ఆ తర్వాత కవాటం బాగుచేసినా గది కోలుకోకపోవచ్చు. ఆపరేషన్‌లో కాసేపు గుండెను ఆపి, దాని పని యంత్రానికి అప్పజెప్పి, కొత్త తీగలు కుడతాం. ప్రమాదం లేదని మాత్రం చెప్పను. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు."

"అక్కా, గుండె ఆపేస్తారటే!" అన్నాడు తమ్ముడు.

"విన్నానురా. మళ్లీ కొట్టిస్తామని కూడా అన్నట్టే లెక్క. ఆ సగం నీ చెవికెక్కలేదు."

"నువ్వు తట్టుకోలేవమ్మా" అన్నాడు కొడుకు. "ఇంటిపట్టున రెస్టు తీసుకో."

"దెబ్బకీ దెబ్బకీ మధ్య గుండె తీసుకునే రెస్టు చాలు నాకు." ఆవిడ కొడుకు మొహం చూసి గొంతు తగ్గించింది. "నాకూ భయమేరా. చచ్చేంత భయం. కానీ నా భయం నన్నే పడనీ. నా బదులు నువ్వు పడి, నా బదులు నువ్వే వద్దనకు. డాక్టరుగారూ, చేయండి."

బయట వసారాలో కోడలు కూర్చుని ఉంది. సంగతి చెప్పి, "మీ ఇష్టం అత్తయ్యా" కోసం టీచరమ్మ పళ్లు బిగించింది.

"మీకేమైనా మతిపోయిందా?" అంది కోడలు.

వసారాలో జనం తలలు తిప్పారు. కొడుకు "ష్ష్!" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం, ఎందుకనకూడదు?" అని కోడలు మొగుడిమీద లేచింది. "మీ మాట విని నోరు కుట్టుకుని కూర్చుంటే నాకే గుండెనొప్పి వచ్చేలా ఉంది! ఛాతీ కోస్తామంటే ఇంకో డాక్టర్నైనా అడక్కుండా తలూపి వచ్చేస్తారా అత్తయ్యా? ఒక చీర కొనాలంటే నాలుగు షాపులు తిప్పుతారే!"

"చీర అయితే చిరిగేదాకా ఆగొచ్చే. ఇది ఆల్రెడీ చిరిగింది!"

"అయినా సరే, ఇంకొకరికి చూపించాల్సిందే."

"చూపిద్దాం. తారీకు మాత్రం ఇప్పుడే వేయించుకుంటా."

"మొండిఘటం!"

"నీకంటేనా?"

టీచరమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. మాట ఆగిపోయింది గానీ మొహం వెలిగిపోతోంది. కోడలు ఆవిడ రెక్క పట్టుకుంది. ఊపిరి అందేదాకా నిలబడి, కిటికీ గురించీ దుప్పట్ల గురించీ పేరుకుపోయిన బాకీలన్నీ తీర్చుకుంటూ, ఇద్దరూ మళ్లీ డాక్టరు గదివైపు నడిచారు.

"మెల్లగా... మెల్లగా..." అంటూ కొడుకు వెంటపడ్డాడు.

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

"నువ్వూరుకో!" అంది అత్త.

"మీరూరుకోండి!" అంది కోడలు.