నన్ను వద్దన్న సాధ్వీజీ

నేను ఒక మైకును. పాతకాలం ఇనుప మైకును. తల మీద జల్లెడలాంటి మూత, మెడ కింద ఒక స్విచ్చు, వెనక తోకలాగా పొడవాటి వైరు. ఢిల్లీలో ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. నా లోపల వెంట్రుక కంటే సన్నని రాగితీగ చుట్టిన ఆవిడ చేతులు చాలా నిదానమైనవి. నా పుట్టింటి జ్ఞాపకమంటే ఆ చేతులే.

అక్కడి నుంచి గడ్డి నింపిన అట్టపెట్టెలో రైలెక్కి ఆదోని చేరాను. పత్తి బజారులో సౌండ్ సర్వీసు నడిపే మస్తాన్ వలీ నన్ను కొన్నాడు. కొన్ననాటి నుంచి నాకు తీరిక లేదు. శ్రీరామనవమి పందిట్లో పాడాను. దర్గా ఉరుసులో ఖవ్వాలీ మోశాను. చర్చిలో ఈస్టరు తెల్లవారుజామున మంచులో నిలబడ్డాను. ఎన్నికల జీపుల్లో తిరిగి దుమ్ము మింగాను. మనుషుల గురించి నాకు తెలిసిన సత్యం ఒకటుంది. 'రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను' అన్నవాడి చేతిలోంచి నేను అంత తొందరగా బయటపడను. ఆ రెండు మాటల తుంపర తుడవడానికి మస్తాన్ జేబులో ఒక గుడ్డ ఎప్పుడూ ఉండేది.

మా దుకాణానికి సరిగ్గా ఎదురుగా చంపాలాల్ సేఠు బట్టల అంగడి. ఆయన తాతగారు రాజస్థాన్ నుంచి పత్తి వ్యాపారానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. చంపాలాల్‌కు మార్వాడీ కంటే ఆదోని తెలుగే బాగా వచ్చు. వాళ్లు జైనులు. చీకటి పడకముందే భోజనం ముగించేవారు. నీళ్లు వడకట్టి కాచి తాగేవారు. వినాయక చవితి చందా అందరికంటే ముందు ఆయన అంగట్లోనే వసూలయ్యేది.

వాళ్లతో నాకొక చిక్కుండేది. ఒక వానాకాలం వాళ్ల సాధ్వులు చాతుర్మాసానికి ఊరికి వచ్చారు. సన్యాసినులు. వానలు కురిసే నాలుగు నెలలూ ఒకే ఊళ్లో ఉండి ప్రవచనం చెబుతారు. మస్తాన్ సంబరంగా నన్ను తుడిచి తీసుకెళ్లి గద్దె ముందు నిలబెట్టాడు. తెల్లచీర, నోటికి అడ్డంగా తెల్లగుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చి నన్ను చూసి చేతులు జోడించారు. తీసేయమన్నారు. ఆమె పేరు చారిత్రప్రభ సాధ్వీజీ. కరెంటు మండే చోట కంటికి కనబడని జీవులకు హాని జరుగుతుందని, తన మాట కోసం ఆ హాని వద్దని ఆమె నియమం. మస్తాన్ నన్ను చంకలో పెట్టుకుని వెనక్కి నడిచాడు. 'వీళ్ల గురువులొస్తే మనకు సెలవే' అని దారంతా గొణిగాడు. నాకూ చిన్నతనంగానే అనిపించింది. ఊరంతా నా కోసం తోసుకుంటుంటే ఈవిడ ఎవరు నన్ను వద్దనడానికి?

ఆ వానాకాలమే చంపాలాల్ ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన కోడలు కంచన్ తన కూతురు ప్రేక్షను హైస్కూల్లో చేర్చడానికి వెళ్లింది. మతమేమిటని గుమాస్తా అడిగితే పిల్ల జైన్ అని చెప్పింది. ఆయన హిందూ అని రాశాడు. ఇదేంటని కంచన్ అడిగితే, తన దగ్గరున్న ఫారంలో ఆ గడి లేదమ్మా, ఎక్కడో ఒకచోట రాయాలి కదా అన్నాడట. పాపం, ఆయన కోపంగా కూడా అనలేదు. ప్రేక్ష ఇంటికొచ్చి తాతను అడిగింది, నేను చెప్పింది తప్పా అని. చిన్నప్పుడు ఆయనకూ అలాగే రాశారు. ఆయన ఎన్నడూ అడగలేదు.

అప్పటికే దేశంలో చాలాచోట్ల జైనులు తమను కూడా అల్పసంఖ్యాక మతంగా గుర్తించాలని అడుగుతున్నారు. ఆ విషయం వినడానికి ఒక విచారణ బృందం మా ఊరికి వస్తుందని తెలిసింది. దానికి పెద్ద ఒక విశ్రాంత న్యాయమూర్తి. ఊళ్లోని జైన సంఘం తరఫున మాట్లాడమని చంపాలాల్‌ను అడిగారు. ఆయన ఒప్పుకున్నాడు. కానీ మరునాడు పక్క కొట్టు వీరభద్రప్ప వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే పలక మీద రాసుకున్నవాళ్లు.

"ఏం సేఠూ, మీరు వేరంటాండారంట," అన్నాడు వీరభద్రప్ప. "మరి మేమేమైతిమి?"

చంపాలాల్ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. ఆ రోజు ఆయన కొలిచిన గుడ్డ రెండుసార్లు తప్పింది. సాయంత్రం కోడలితో, ఈ ఊళ్లో మనం సుఖంగానే ఉన్నాం, ఉన్న ప్రేమ చెడగొట్టుకుని పేరు ఏం చేసుకుంటామని అన్నాడు. కంచన్ మామగారికి ఎదురు చెప్పలేదు. కూతుర్ని తీసుకుని సాధ్వీజీ దగ్గరికి వెళ్లి బడిలో జరిగింది చెప్పింది. సర్కారు పనులు గృహస్థులవి, మావి కావు అంటూ వస్తున్న సాధ్వీజీ, ప్రేక్ష అడిగిన ప్రశ్న విని, పిల్లను దగ్గరికి పిలిచి మళ్లీ చెప్పించుకున్నారట. తర్వాత, విచారణకు తాను కూడా నడిచి వస్తానన్నారట.

విచారణ మునిసిపల్ హాల్లో పెట్టారు. మైకు మస్తాన్‌దే, అంటే నేనే. హాలు నిండింది. వెనక వరుసలో వీరభద్రప్ప చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందు ఇద్దరు వక్తలు నన్ను పట్టుకుని తీర్థంకరుల చరిత్ర, రాజ్యాంగంలోని అధికరణాలు గడగడా చెప్పారు. న్యాయమూర్తి మర్యాదగా తలూపుతూ ఆవలింత మింగుతున్నాడు. చంపాలాల్ లేచాడు. నన్ను పట్టుకున్న ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయింది. నాలుగు వాక్యాలు మాట్లాడాక ఆయన చూపు వెనక వరుస మీద పడింది. మాట మధ్యలోనే ఆపేశాడు. న్యాయమూర్తి మెల్లగా అడిగాడు, మీ పేర్లు, పెళ్లిళ్లు, పండుగలు చాలావరకు పక్కవాళ్లలాగే ఉన్నాయి కదా, మరి మీరు వేరని ఎట్లా అనుకోవాలని. చంపాలాల్ నన్ను స్టాండుకు తగిలించి పక్కకు జరిగాడు.

అప్పుడు సాధ్వీజీ గుమ్మంలో నిలబడ్డారు, వెనకే కంచన్, ప్రేక్ష. వానలో తడిసిన నేలను ఉన్ని కుచ్చుతో మెత్తగా ఊడ్చుకుంటూ, ఏ పురుగూ కాలి కింద పడకుండా చూసుకుంటూ లోపలికి వచ్చారు. కంచన్ ముందుకు వెళ్లి, ఆమె మాట్లాడాలంటే మైకు ఉండకూడదని, ఫ్యాన్లు కూడా ఆపాలని చెప్పింది. శ్రావణ మాసం ఉక్క. హాల్లో అందరూ న్యాయమూర్తి ముఖం చూశారు. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఆపమన్నాడు.

మస్తాన్ నా దగ్గరికి వచ్చి స్విచ్చు నొక్కేశాడు. ఫ్యాన్లు ఒక్కొక్కటే నిలిచాయి. సాధ్వీజీ నోటికి గుడ్డ, వయసు ఉడిగిన గొంతు. మొదటి వరుస దాటితే ఏమీ వినిపించదు. అప్పుడు నేను ఎన్నడూ చూడనిది చూశాను. జనం కుర్చీలు వదిలి ముందుకు వచ్చి నేల మీద కూర్చున్నారు. న్యాయమూర్తి వేదిక దిగి తన కుర్చీ తానే లాక్కున్నాడు. వీరభద్రప్ప కూడా గోడ పక్కగా వచ్చి చెవి ఒగ్గి నిలబడ్డాడు. నేను ఊళ్లో ప్రతి చెవి దాకా పోయాను గానీ, ఒక్క మనిషిని కూడా లేపి దగ్గరికి నడిపించలేదు. ఆ క్షణంలో ఆమె మీద నాకున్న కినుక పోయింది.

ఆమె హిందీలో అన్న ప్రతి మాటా కంచన్ తెలుగులో చెప్పింది.

"నాకు ఇల్లు లేదు, ఊరు లేదు. నా కోసం అడిగేదేమీ లేదు. పిల్లలకు మేం నేర్పేది ఉన్నది ఉన్నట్టు చెప్పమని. ఈ పిల్ల బడిలో నిజం చెప్పింది. రాసుకున్నవాళ్లు అబద్ధం రాసుకున్నారు. ఇప్పుడు తప్పు తనదా అని అడుగుతోంది. పిల్లకు జవాబు మీరు చెప్పండి."

న్యాయమూర్తి ప్రేక్ష వైపు చూశాడు. సాధ్వీజీ ఈసారి గోడ పక్కన నిలబడ్డవాళ్ల వైపు తిరిగారు.

"పక్కింటివాళ్ల పేరు మన పేరు ఒకటి కాకపోతే అది పక్కిల్లు కాకుండా పోతుందా?"

వీరభద్రప్ప భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఉక్క వల్లేనేమో. న్యాయమూర్తి లేచి చేతులు జోడించి, "వినబడిందమ్మా," అన్నాడు. మళ్లీ ప్రేక్షతో, "తప్పు నీది కాదు తల్లీ," అన్నాడు.

సర్కారు నడక సాధ్వీజీ నడక కంటే నిదానం. ఆ నడుమ ఎన్నో వానాకాలాలు పోయాయి. ప్రేక్ష బడి ముగించి కాలేజీకి వెళ్లింది. ఎంతోమంది ఎన్నో ఊళ్లలో ఇలాగే అడిగి అడిగి ఉంటారు. చివరికి ఒక జనవరిలో ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. జైనులను దేశమంతటా అల్పసంఖ్యాక మతస్థులుగా గుర్తించారు.

ఆ సాయంత్రం సంఘం వాకిట్లో చిన్న సభ జరిగింది. సాధ్వులు ఊళ్లో లేరు కాబట్టి నన్ను పిలిచారు. బజారంతా వచ్చింది. చంపాలాల్ నన్ను చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు తుడుచుకుని, పక్కనే వైరు సర్దుతున్న మస్తాన్ చేతిలో నన్ను పెట్టి, నువ్వు చెప్పు అన్నాడు. అన్నేళ్లలో మస్తాన్ నాతో 'హలో హలో' తప్ప ఒక్క మాట మాట్లాడి ఎరగడు. తడబడ్డాడు. అటూ ఇటూ చూశాడు.

"నాకు మాట్లాడేది రాదు," అన్నాడు. "సేఠోళ్ల పేరు ఈ పొద్దు సర్కారు రాసుకునింది. మా వాళ్ల పేరు ఎప్పుడో రాసుకునింది. రాసుకున్నంక నేనేమన్నా యాటికన్నా పోతినా? ఈ బజార్లోనే ఉండాను గదా. వీళ్లూ ఈడే ఉంటారు. రేపు పొద్దున అంగడి తెరుస్తారు. గుడ్డలు కావాల్సినోళ్లు రాండి."

మొదట నవ్వింది వీరభద్రప్పే. తర్వాత వాకిలంతా నవ్వింది. చంపాలాల్ ఏడుస్తూనే నవ్వాడు. నేను మోసిన ఉపన్యాసాలన్నిటిలోకీ అదే చిన్నది. నాకు అదే నచ్చింది.

ఆ వేసవిలో నా రాగితీగ తెగిపోయింది. వైర్లు లేని కొత్త మైకులు వచ్చాయి. మస్తాన్ నన్ను పాత ఇనుముకు వేయకుండా తుడిచి, దుకాణంలో అద్దాల బీరువాలో నిలబెట్టాడు. ఇక్కడి నుంచి సేఠు అంగడి నిండుగా కనబడుతుంది. ఈ పొద్దు వీరభద్రప్ప వచ్చి మనవరాలి పెళ్లికి చీరలు బేరమాడుతున్నాడు. చంపాలాల్ ఒక్క రూపాయి కూడా దిగడం లేదు. ఇద్దరి గొంతులూ వీధి చివరిదాకా వినబడుతున్నాయి. నా అవసరమేమీ లేదు.