కంట్రోలర్ లేచిన పూట

సంగీత కుప్పంలోని ఒక నర్సింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసే ఉద్యోగంలో చేరి పదినెలలైంది. శాంతిపురం దగ్గర రాళ్ల క్వారీలో కూలి చేసిన పాపమ్మ కూతురు. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే.

ఆ మంగళవారం పొద్దున కరెంటు మూడుసార్లు పోయి వచ్చాక వైఫై మొత్తం ఆగిపోయింది. కాలేజీలోని ముప్పై వైఫై పెట్టెల్నీ ఒక్కచోట నుంచి నడిపించే కంట్రోలర్ ఆన్ అవుతుంది, సగంలో ఆగి మళ్లీ మొదటికొస్తుంది. రెండు గంటలకు నూటపది మంది పిల్లలు ట్యాబుల్లో పరీక్ష రాయాలి. ప్రిన్సిపాల్ లక్ష్మీప్రియ రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి, గడియారం చూసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది సంగీతకు.

ఆ కంట్రోలర్‌ను ఐదేళ్ల కిందట బిగించింది సిరాజుద్దీన్. మదనపల్లెలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపి, సంగీతకు పని నేర్పిందీ ఆయనే. ఇప్పుడు పుంగనూరులో కూతురు సల్మా ఇంట్లో ఉంటున్నాడు. సంగీత ఫోన్ చేసింది.

"ల్యాప్‌టాప్‌కు తగిలించి సూసినావా అమ్మా? ఏమొస్తాండాది?"

"లోపలుండే మెమరీలో ఫైళ్లు దెబ్బతిన్నాయని వస్తాండాది సార్."

"అయితే దాన్ని మొత్తం తుడిచెయ్యాల. వేరే దారి లేదు."

సంగీత ల్యాప్‌టాప్ మీంచి చెయ్యి తీసేసింది. "తుడిస్తే సెట్టింగులన్నీ పోతాయి సార్. బ్యాకప్ యాడా లేదు. తప్పు నాదే."

"బిగించిన దినమే అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నా. తర్వాత నువ్వేమన్నా మార్చినావా?"

"పరీక్ష హాలు పాస్‌వర్డ్ ఒకటే సార్. గుర్తుండాది."

"తుడిచెయ్ అమ్మా. నేనుండాను."

ఆమె ఫార్మాట్ అన్న వరుస మీదికొచ్చి ఎంటర్ నొక్కింది. అయిదు నిమిషాలు తెర మీద చుక్కలు తప్ప ఏమీ లేదు. తర్వాత పెన్‌డ్రైవ్‌లోంచి కొత్తగా సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఈసారి కంట్రోలర్ సగంలో ఆగలేదు. లేచి, తనకేం పేరు పెడతావని అడిగింది, అప్పుడే కొన్నట్టు.

అక్కణ్ణుంచి సిరాజుద్దీన్ చదవడం, సంగీత కొట్టడం. ఆయన రాసుకున్నది ఉర్దూలో. సిరా అలుక్కుపోయిన ఒకచోట అంకె రెండో మూడో తేలక, రెండూ పెట్టి చూశారు. మూడే సరైంది. ఒంటిగంట ఇరవైకి మొదటి వైఫై పెట్టెలో పచ్చలైటు వెలిగింది. తర్వాత ఒక్కొక్కటే, మేడ మీదివి, హాస్టల్‌వి.

పరీక్ష వేళకే మొదలైంది. లక్ష్మీప్రియ తన టిఫిన్ డబ్బా తెచ్చి సంగీత ముందు పెట్టి, "తినమ్మా" అంది. అంతే. సంగీతకు ఏడుపొచ్చింది. వెంటనే ఫోన్ తీసింది.

"సార్, మీరు లేకుంటే..."

"నొక్కింది నువ్వే గదా! ఆ వయసులో నాకు చెయ్యాడేది కాదు. ముందు బ్యాకప్ తియ్యి."

ఆదివారం తల్లీకూతుళ్లు పచ్చి చెనిక్కాయలు సంచికెత్తుకుని పుంగనూరు బస్సెక్కారు. కంట్రోలరంటే ఏమిటో పాపమ్మకు తెలీదు. గడపలోనే సిరాజుద్దీన్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నా బిడ్డకు పని నేర్పినావప్పా. పనిలో నిలబెట్టినావు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "సల్మా, టీ పెట్టమ్మా" అని లోపలికి కేకేశాడు.