ఫుట్‌పాత్ మీద బకెట్లు

పొద్దున అంగడి తీయగానే బకెట్లు బయట పేర్చాలి. పెళ్లయినప్పటి నుంచీ అది నా పని. తిరుపతిలో మెయిన్ రోడ్డు మీద మాది ప్లాస్టిక్ సామాన్ల అంగడి, దానిపైనే ఇల్లు. లోపల చోటు చాలదని నా భర్త మునిప్రసాద్ ఫుట్‌పాత్ నిండా బకెట్లు, కుర్చీలు పెట్టిస్తాడు. "కంటికి కనబడితేనే గదా కొనేది" అంటాడు. అవి పేర్చి, వంట ముగించి, అత్తకు కాఫీ ఇచ్చి నేను బడికి బయలుదేరేదాన్ని. అక్కడ మూడో తరగతికి టీచరుగా ఉండేదాన్ని.

బడి దూరమేమీ కాదు. ఎవరూ నన్ను పిలవని ఆ నడిచే కాసేపే రోజంతట్లో నాది. అయినా ఆ దారిలో తలెత్తి నడిచిన గుర్తు లేదు. ఒకచోట టీకొట్టు బల్లలు, ఒకచోట ట్రాన్స్‌ఫార్మరు, ఆ పక్కనే మూతలేని కాలువ. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో పుస్తకాల సంచి పట్టుకుని రోడ్డు మీదికి దిగడం, మళ్లీ ఎక్కడం. వెనక నుంచి కొండకు పోయే బస్సుల హారన్లు. ఇంట్లో చెబితే మునిప్రసాద్ "అందురూ నడస్తా ఉండారు, నీ ఒక్కదానికే కష్టమా" అనేవాడు. ఆయన వీధి చివరికి పోవాలన్నా బండి తీస్తాడు.

పోయిన వానల్లో ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ, మా అంగడి ముందే, మా బకెట్లను తప్పించుకోవడానికి రోడ్డు మీదికి దిగాను. ఆటో గుద్దింది. మోకాలి చిప్ప పగిలింది.

ఆసుపత్రిలో మా అత్త వరలక్ష్మమ్మ నా తల నిమిరి నిజంగానే ఏడ్చింది. "ఆ రోడ్డు మనకొద్దు పవిత్రా. ఇంటిపట్టునే ఉండు."

"బడికి ఇంక రాదని చెప్పేసినా" అన్నాడు మునిప్రసాద్. "మనుషులు నడిచే రోడ్డా అది."

ఇన్నేళ్లుగా ఆయన నోట వినాలనుకున్న మాట అది.

"బకెట్లు లోపల పెట్టుకుందాం" అన్నాను.

"లోపల చోటు యాడుండాది?" అన్నాడాయన, మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

ఎముక అతుక్కుంది. ఇప్పుడు కుంటుతూ మెట్లు దిగి కౌంటరు దగ్గర కూర్చుంటాను. బిడ్డల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు మా బకెట్ల దాకా వచ్చి, ఆగి, ఒకసారి వెనక్కి చూసుకుని రోడ్డు మీదికి దిగుతారు. వాళ్లు దాటేదాకా చిల్లర లెక్కపెట్టడం ఆపి చూస్తాను. మొదట్లో నా తరగతి పిల్లలు వచ్చి పలకరించేవాళ్లు. ఇప్పుడు రావడం లేదు.

నిన్న శ్రీవేద అనే ఇంజనీరింగు అమ్మాయి వచ్చింది. ఊళ్లో నడిచేవాళ్లకు దారులు ఎలా ఉన్నాయో అడిగి రాసుకుంటోంది. ముందు ఆయనే జవాబిచ్చాడు.

"రోజూ ఈడనే గదమ్మా మేముండేది. ఏం ఇబ్బంది లేదు. బాగుండాది."

ఆ అమ్మాయి రాసుకుని నా వైపు తిరిగింది. "మీరు చెప్పండక్కా."

చెప్పడానికి చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుండగా ఆయన నవ్వాడు. "ఆమెకు నడిచే పనే లేదు. కాలు బయట పెట్టనీను."

"అంతకుముందు నడిచేదాన్ని" అన్నాను.

శ్రీవేద నొచ్చుకున్నట్టు చూసింది. "ఏమనుకోకండక్కా. ఇప్పుడు నడిచేవాళ్లనే అడగమన్నారు" అంది, పెన్ను మూసేస్తూ.