ఇది నువ్వు రాసిందేనా?

బియ్యప్పిండితో ఆవిరి మీద చేసే పుట్టుకి కొబ్బరి కోరుతుంటే భోజనాల గదిలోంచి మా ఆయన అంకెలు చదివారు. "టెస్సీ, నీ కోడ్ వచ్చింది. రాసుకో." చేతులు కొబ్బరితో ఉన్నాయి కాబట్టి రాసుకోకుండా మనసులోనే పెట్టుకున్నాను. నాకది అలవాటే.

నా ఖాతాలన్నిటికీ ఆయన నంబరే. కాలేజీకీ, గ్యాస్‌కీ, మెయిల్‌కీ అదే. పెళ్లికి ముందు అప్పచ్చన్‌ది, అంటే మా నాన్నది, ఉండేది. పెళ్లైన కొత్తలో ఇచ్చాయన్ (మా ఆయన్ని నేనలాగే పిలుస్తాను, బిజోయ్ అనడం ఈ ఇంట్లో వాళ్లమ్మగారి హక్కు) దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ ఎంతో ఓపిగ్గా మార్చారు. "నీ ఫోన్ ఎప్పుడూ పిండి డబ్బా మీదే పడుంటుంది, మోగినా వినవు" అన్నారు. నిజమే. పిండి డబ్బా దగ్గర నేనుంటాను కాబట్టి నా ఫోనూ అక్కడే ఉంటుంది. నా మెయిల్ కూడా ఆయన ఫోన్‌లో తెరిచే ఉంటుంది, సౌకర్యం కోసం. ఎవరి సౌకర్యమని అప్పుడు నేను అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

చదువు మధ్యలో పెళ్లయింది. ఎంసీఏ ఆఖరి సంవత్సరం మా అత్తారి ఊరు ఈ పాలా నుంచే బస్సులో కోట్టయం వెళ్లి వస్తూ చదువుతున్నాను. మనుషుల పాస్‌వర్డ్‌లు భద్రంగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి యజమాని ఎవరూ లేరు. దాని ప్రోగ్రామ్ అంతా బాహాటంగా ఉంటుంది, ఎవరైనా చదవచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపచ్చు. వేసవిలో కొందరు విద్యార్థుల్ని చేర్చుకుని పని నేర్పిస్తారు. దానికి దరఖాస్తు మొదలుపెట్టాను. జీతం ఉండదని తెలిసి అత్తగారు, అంటే అమ్మచ్చి, ముక్కున వేలేసుకున్నారు. "జీతం లేని చాకిరీకి దరఖాస్తు కూడానా అమ్మాయ్? అదే కావాలంటే మనింట్లో తక్కువైందా?" ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగారు. నేను చింతపండు పిసకడంలో పడ్డాను.

దరఖాస్తు పూర్తిచేసే ముందు ఏదైనా చిన్న తప్పు దిద్ది చూపించాలి. చూపించాను. నార్వేలో ఉండే మారిట్ అనే ఆవిడ అది చూసి, "పని శుభ్రంగా ఉంది. గడువులోగా దరఖాస్తు పూర్తిచెయ్యి" అని రాసింది. బస్సులో నిలబడి అది మళ్లీ మళ్లీ చదువుకున్నాను. నా పని శుభ్రంగా ఉందని ఈ ఇంట్లో ఎవరూ అనలేదని కాదు. గిన్నెల గురించి అన్నారు.

ఈ రోజు సాయంత్రంతో గడువు అయిపోతుంది. పుట్టు ఆవిరికి పెట్టి, ఇచ్చాయన్ చదివిన కోడ్‌తో ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల సైట్‌లోకి వెళ్లాను. అందరూ చదివే చోట మారిట్ నాకో మాట రాసి ఉంచింది.

"టెస్సీ, నీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. దాని మీద నీ ముద్ర లేదు. ఇది నువ్వు రాసిందేనా? కాకపోతే ఎవరు చొరబడ్డారో తెలుసా, ఆ దారి మూశావా, అదీ రాయి."

వాళ్ల పద్ధతి అది. ప్రతివాళ్లకీ తమ కంప్యూటర్‌లో ఒక రహస్య తాళం ఉంటుంది. దానితో ముద్ర వేసి పంపితేనే ఆ మాట ఆ మనిషిదని నమ్ముతారు. కింద ఆ మెయిల్ కూడా అతికించింది. 'గౌరవనీయులైన సర్, మే నెలలో మా ఆడపడుచు వివాహం ఉంది. కుటుంబ బాధ్యతల దృష్ట్యా నా దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నాను. మన్నించగలరు. టెస్సీ బిజోయ్.' ఒక్క తప్పు లేదు. నేను రాసి ఉంటే ఒకటో రెండో ఉండేవి. ఇచ్చాయన్ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ మెల్లగా, పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాలు పొంగినట్టు. పుట్టూ శనగల కూరా వడ్డించి, మారిట్‌కి మీరేమైనా రాశారా అని అడిగాను.

"ఆఁ, చెబుదామనుకుంటూనే మర్చిపోయాను," అన్నారాయన కూర కలుపుకుంటూ. "రీనూ పెళ్లి పెట్టుకుని నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుంటే అమ్మచ్చి ఒక్కతే ఏం చేస్తుంది? నీకా మొహమాటం, వాళ్లకి కాదని చెప్పలేవు. అందుకే నేనే మర్యాదగా రాసేశాను."

"నా పేరుతో రాశారు."

"నీ మెయిల్‌లోంచి నా పేరుతో ఎలా రాస్తానే?"

అమ్మచ్చి నవ్వారు. ఈస్టర్ ముందు శ్రమల దినాలు కాబట్టి చేపలూ మాంసమూ లేవు గానీ రేపటికి ఇంకో కూర ఎక్కువ చేయమని గుర్తుచేశారు. ఇచ్చాయన్ చెడ్డవారు కాదు. గొంతు పెంచి ఒక మాట అనరు. నేను అదృష్టవంతురాలినని చర్చిలో ఆడవాళ్లంతా అంటారు. ఏం కూర ఇష్టమని నన్నెవరైనా అడిగినా జవాబు ఆయనే చెబుతారు, నాకంటే ముందే, ఎంతో ప్రేమగా.

గదిలోకి వచ్చి కూర్చున్నాను. అవును, నేనే రాశానని ఒక్క ముద్ర వేస్తే ఇల్లు చల్లగా ఉంటుంది. కాదంటే ఎవరో చొరబడ్డారని ముక్కూ మొహం తెలియని వాళ్లందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ చొరబడ్డ మనిషి పక్కగదిలో ఇంకో పుట్టు ముక్క అడుగుతున్నాడు. ఇన్నేళ్లలో నా పేరుతో వెళ్లిన మాటలు ఎన్నో ఉన్నాయి. ఉద్యోగం వద్దన్న మాట, అమ్మ ఆపరేషన్‌కి రాలేనన్న మాట. అవి నువ్వు అన్నవేనా అని ఎవరూ అడగలేదు. ఇదే మొదటిసారి.

'కాదు. అది నేను రాయలేదు. నా దరఖాస్తు నేను వెనక్కి తీసుకోలేదు. ఎవరో తెలుసు. దారి మూస్తున్నాను.' ముద్ర వేసి పంపాను.

తర్వాత దరఖాస్తు తెరిచాను. అందులో మొదటి ప్రశ్న, నీ పని మనుషుల్ని ఎవరి నుంచి కాపాడుతుంది అని. ఏదో దూరదేశంలో కూర్చున్న దొంగ గురించి పేజీడు రాసి పెట్టుకున్నాను. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. అంతా చెరిపేసి మళ్లీ రాశాను. 'ఇంట్లో మనిషి నుంచి. అతను పాస్‌వర్డ్ దొంగిలించడు, ఆమే ఇచ్చి ఉంటుంది. ఆమెకి హాని చేయాలనుకోడు. ఆమె మేలు కోరి ఆమె బదులు మాట్లాడతాడు.' పంపేశాను.

ఇక మిగిలింది దారి. అన్ని ఫోన్లలోంచీ నా మెయిల్ మూసెయ్యమన్నాను. ఆయన నంబరు తీసేసి పిండి డబ్బా మీది ఫోన్ నంబరు పెట్టాను. ఖాయం చేయడానికి పాత నంబరుకి కోడ్ పంపామని వచ్చింది.

"ఇచ్చాయా, కోడ్ వచ్చిందేమో చూడండి."

ఆయన చెప్పులేసుకుంటూ గుమ్మంలోంచే చదివారు, తరగతిలో డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కో అంకే ఆపి ఆపి. నేను ఒక్కో అంకే కొట్టాను.

"పనైందా? స్కూలుకి వెళ్తున్నా. మళ్లీ ఏమైనా వస్తాయా?"

"రావు ఇచ్చాయా," అన్నాను. "ఇక మీకు రావు."