బుట్టలో పడ్డ మేడమ్

ఆవిడ మొదట లెక్కల లెక్చరరు. సైబర్ భద్రత అనే కొత్త పేపరు చెప్పడానికి ఎవరూ ముందుకు రాకపోతే, హెడ్డుగారు స్టాఫ్ రూమంతా ఓసారి కలయజూసి, కిటికీ పక్కన టీ తాగుతున్న ఆవిడ దగ్గర ఆగారు. "మీరైతే చదువుకుని చెప్పేస్తారమ్మా" అన్నారు. అంతే, ఇరుక్కుపోయింది. ఆ ఏడాదంతా పిల్లలకంటే రెండు పాఠాలు మాత్రమే ముందుండి ఎలాగో నెట్టుకొచ్చింది. రానురాను ఆ పని రుచి మరిగింది. పీహెచ్‌డీ చేసింది, సొంతంగా ల్యాబు పెట్టింది. చూస్తుండగానే పద్దెనిమిదేళ్లు గడిచాయి.

ఏటా మొదటి క్లాసులో ఆవిడ ఒకటే సవాలు విసిరేది. "నన్ను బుట్టలో వేసి నా పాస్‌వర్డు రాబట్టండి చూద్దాం. అనుమతి రాసిస్తాను." పిల్లలు లాటరీ తగిలిందని రాసేవారు, బ్యాంకు ఖాతా మూసేస్తామని బెదిరించేవారు. ఆవిడ ఆ మెయిళ్లలో అక్షరదోషాలు దిద్ది, మార్కులేసి తిప్పి పంపేది.

ఈ ఏడు ప్రొఫెసర్ పదోన్నతికి పిలుపొచ్చింది. గురువారం ఇంటర్వ్యూ. మంగళవారం మధ్యాహ్నం ఒక క్లాసు ముగించి ఇంకో క్లాసుకు పరుగెడుతుంటే ఫోను మోగింది. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మెయిలు. "మీ దరఖాస్తులో ఒక సర్టిఫికెట్ కనబడటం లేదు. గంటలోగా జతచేయకపోతే ఇంటర్వ్యూ రద్దు."

వరండాలో నిలబడ్డపళంగా అందులోని లింకు నొక్కి, టకటకా పాస్‌వర్డు కొట్టేసింది. తెర మీద పెద్దక్షరాలు వెలిగాయి.

"మేడమ్, దొరికిపోయారు! పాస్‌వర్డు ఎక్కడా దాచలేదు, ఒట్టు."

పంపింది ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. పొట్టిగా ఉంటుందని ల్యాబంతా 'బుడ్డి' అంటారు. కాసేపటికి ఆ అమ్మాయే బిక్కమొహంతో వచ్చి నిలబడింది.

"ఇంటర్వ్యూ ముందు ఇలా చేయకుండా ఉండాల్సింది మేడమ్."

"ఎన్నాళ్లు పట్టింది?"

"నాలుగు నెలలండి. మీరు దేనికీ కంగారుపడరు. ఏదో ఒకదానికి పడకపోతారా అని కాచుకు కూర్చున్నా."

సాయంత్రం ఇంట్లో చెబితే, గడియారాలు బాగుచేసే భర్త పొలమారేలా నవ్వాడు. "ఈ లింకు నొక్కకు, ఆ లింకు నొక్కకు అని నన్ను ఇన్నాళ్లూ వేపుకు తిన్నావు కదే! ఇంటర్వ్యూలో చెప్తావా?"

"చచ్చినా చెప్పను."

గురువారం పొడవాటి బల్ల వెనక ఐదుగురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దావిడ అడిగింది. "ఇన్నేళ్లలో మీరు బాగా గర్వపడిన సంగతేమిటి?"

అచ్చయిన వ్యాసాల జాబితా నాలుక చివరే ఉంది. నోరు తెరిస్తే మాత్రం వేరే మాట వచ్చింది.

"మొన్న నా విద్యార్థిని నన్ను మోసం చేసిందండి."

జరిగిందంతా చెప్పేసింది. చివర్లో కూర్చున్న కళ్లజోడాయన మొహం ముడుచుకున్నాడు. "మీరే మోసపోతే పిల్లలకేం నేర్పుతారు?"

"తెలివితక్కువవాళ్లే మోసపోతారని పద్దెనిమిదేళ్లు చెప్పానండి. అది తప్పని ఆ అమ్మాయి చూపించింది. ఆశా కంగారూ కలిస్తే ఎవరైనా నొక్కేస్తారు. ఇకమీదట నా పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది."

పెద్దావిడ పకపకా నవ్వేసింది. "మనవడి ఫొటోలంటే పోయిన నెల నేనూ నొక్కాను. ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు!"

కళ్లజోడాయన గొంతు సవరించుకున్నాడు. "నాది... కరెంటు బిల్లు."

ఇక ఆ ఇంటర్వ్యూ ఇంటర్వ్యూలా సాగలేదు. ఐదుగురూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ తాము మోసపోయిన కథలు చెప్పుకున్నారు. ఆవిడ అవన్నీ గబగబా రాసుకుంది.

సోమవారం పదోన్నతి ఉత్తర్వు వచ్చింది. ఆ కథలతోనే ఆవిడా బుడ్డీ కలిసి ఒక వ్యాసం మొదలుపెట్టారు. పైన ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. "నువ్వే ముందు" అంటే "మీరే ముందు" అని. చివరికి కొత్త ప్రొఫెసర్‌గారు బల్ల గుద్ది మరీ తన పేరు రెండోది చేయించుకున్నారు.