సాక

సెమినార్‌కు యూరప్ వెళ్లొచ్చిన రత్నాకర్ రెండు తెల్ల వైన్ సీసాలు తెచ్చాడు. రుచి పోల్చి చూద్దామని క్యాంపస్ దోస్తులు దేవేందర్, స్నేహలత సాయంత్రానికల్లా తార్నాకలోని అతని మేడ ఎక్కారు.

జర్మనీ సీసా నిమ్మపూత వాసన వేసింది. ఫ్రాన్సుది స్నేహలతకు నచ్చలేదు. "ఉత్త పులుపు," అంది.

దేవేందర్‌ వాళ్లింట్లో కల్లయినా సరే, నేలతల్లికి సాక పోయందే ఎవరూ ముట్టరు. ఇందాక మరిచిపోయింది గుర్తొచ్చి, తన గ్లాసులోని ఫ్రాన్సు వైన్ నాలుగు చుక్కలు కిందికి వంచాడు.

"పాగల్, గంత దూరంకెళ్లి తెస్తే పారబోస్తవా?" రత్నాకర్ కసిరాడు.

ఎండకు కాలిన షాబాద్ బండ మీంచి తొలకరి వాసన గుప్పుమంది. దేవేందర్ ఒక గుక్క తాగి అలాగే నిలబడిపోయాడు. అదే వాసన నోట్లోనూ ఉంది.

"ఏందిరా, వానకు తడిసిన రాయి లెక్కున్నది?" అన్నాడు.

"గాడ తోటలన్నీ రాళ్లనేలనే. గా రుచే దిగుతదంటరు," అన్నాడు రత్నాకర్.

మౌలాలి గుట్ట మీద చివరి ఎండ పడుతోంది. దేవేందర్ గ్లాసును కళ్లకద్దుకున్నాడు.

"మా నాయిన బతుకంత చేన్ల రాళ్లేరి గట్టుకు పారేసిండు," అన్నాడు మెల్లగా. "గాడోళ్లు గా రాళ్లనే తాగుతున్నరు."