క్రేనెక్కే కాగితం

మా ఆయన అర్జునరావు పోర్టులో ఓ ప్రైవేటు కంపెనీకి క్రేను ఆపరేటరు. నాకు మేనబావ. పది అంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూచుని ఓడల్లోంచి సరుకు దించేవాడు. నిరుడు ఉన్నట్టుండి తిండి మానేశాడు, మాట మానేశాడు. స్నానానికి కూడా నేను తిట్టి లేపాల్సి వచ్చేది. ఆసుపత్రిలో డిప్రెషన్ అన్నారు. సబ్బవరంలో మావాళ్లు గాలి సోకిందన్నారు. వాళ్ల నోళ్లు మూయించడం నాకు వచ్చు. ఈయన నోరు తెరిపించడమే రాలేదు.

డాక్టరు దేవిశ్రీ గారు కొత్త మందు పరీక్ష గురించి చెప్పారు. సగం మందికి మందు ఇస్తారు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఖాళీ మాత్ర. ఎవరికి ఏది పడిందో ఆవిడకీ తెలీదట. బావ సంతకం పెట్టాడు. కంపెనీలో ఒక రూలుంది. మనసు జబ్బుకు మాత్రలు వాడేవాడు క్రేనెక్కకూడదు. అందుకని బావను గేటు దగ్గర లారీ నంబర్లు రాసే పనిలో కూచోబెట్టారు. ఆయనకు ఎలా ఉందో గానీ, నాకు తల కొట్టేసినట్టయింది.

మూడో వారంలో బావ అన్నం అడిగాడు. నెల తిరక్కుండానే యారాడ నుంచి చేపలు తెచ్చి, పులుసులో ఉప్పు చాలలేదని నన్ను దెప్పాడు. ఆ దెప్పుడుకి నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆర్నెల్లకు ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. బావ డ్యూటీలో ఉన్నాడు. పరీక్ష ముగిసింది, మీకు ఇచ్చినవి మందు లేని మాత్రలు అని రాసుంది. నేను వెంటనే ఫోన్ చేశాను.

"మరి ఎలా తగ్గిందండీ?"

"మందు వేసుకుంటున్నానన్న నమ్మకం, ప్రతి వారం వచ్చి మాట్లాడటం, అన్నీ పని చేస్తాయమ్మా. తగ్గడం మాత్రం నిజమే. ఆయన్ని తీసుకురండి, నేను నిదానంగా చెప్తాను" అన్నారు దేవిశ్రీ గారు.

తీసుకెళ్లలేదు. చెప్తే ఆ నమ్మకం పోయి మళ్లీ మంచమెక్కుతాడని భయం. చెప్పకపోతే గేటు దగ్గరే ఉండిపోతాడు. డబ్బాలో ఇంకా పన్నెండు మాత్రలున్నాయి. కర్ర విరగకుండా పాము చావకుండా నేనో ఉపాయం ఆలోచించాను. ఆ ఉత్తరం పట్టుకెళ్లి కంపెనీ డాక్టరు శ్రీరామ్మూర్తి గారికి చూపించాను. మా ఆయనకు మాత్రం చెప్పొద్దని బతిమాలాను. డాక్టరు గారు బావను పిలిపించి, కళ్లూ బీపీ చూసి, సోమవారం నుంచి క్రేనెక్కొచ్చని రాసేశారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం సాయంత్రం బావ ఆ కాగితంతో వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏటి బావా, సంతోసంగా నేదా?"

"నాను మాత్రలేసుకుంతన్నాను గదా. ఎలా ఎక్కమంతారు?"

ఇక దాచలేక ఉత్తరం చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు.

"అందులో మందుందో నేదో నాకెందుకే? అదేసుకున్నన్నాళ్లూ నన్ను పైకెక్కమనరు. నాకదే మందు."

"ఎక్కితే ఏటవుతాది?"

"కాళ్ల కింద అద్దముంతాది. సరుకు కనపడాల గదా. నిరుడు నాకు సరుకు కనపడ్డం మానేసింది. నేలొక్కటే కనపడేది. దూకీరా, దూకీరా అన్నట్టుండేది."

ఇన్నాళ్లూ క్రేను ఆయన గొప్పనుకున్నాను. కాదు, ఆపరేటరు పెళ్లాన్నన్న గొప్ప నాది. ఆ గొప్ప కోసం మా ఆయన్ని చేతులారా పైకి తోస్తున్నాను.

దేవిశ్రీ గారికి ఫోన్ చేస్తే కంగారు పడ్డారు. "ఎక్కనివ్వకండి. ఈ రెండ్రోజులూ ఆయన్ని ఒంటరిగా వదలకండి. సోమవారం తొమ్మిదింటికి తీసుకురండి, క్రేనెక్కకూడదని నేను రాసిస్తాను" అన్నారు. బావ ససేమిరా అన్నాడు.

"ఖాళీ మాత్రకి తగ్గినోడికి జబ్బేటని నవ్వుతారు. పని దొంగంతారు. నాను రాను. ఎక్కిపోతాను."

ఆదివారమంతా బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

సోమవారం ఆరింటి షిఫ్టుకి ఆయనతోపాటు నేనూ బస్సెక్కాను. గేటు దగ్గర నలభై మంది లైనులో ఉన్నారు. ఆయన కార్డు తీశాడు. నేను మణికట్టు పట్టుకున్నాను.

"ఒగ్గీయే, అందరూ సూస్తన్నారు."

"సూడనీ" అన్నాను. తర్వాత లైనంతా వినేలా అరిచాను. "మా ఆయనకి బాగోనేదు! ఖాళీ మాత్రకి తగ్గినా అది జబ్బే! ఈయన్ని నాను పైకెక్కనివ్వను!"

ఎవరో నవ్వారు. వెనకనుంచి జరగండమ్మా అని కేకలేశారు. సిగ్గుతో ఆయన ముఖం ఎర్రబడింది. నా పట్టు గట్టిది కాదు, విదిల్చుకుంటే వదిలిపోయేదే. ఆయన విదిల్చుకోలేదు.